మంచుకొండలో మోటరు

మదనపల్లె టమోటా మండీ పక్కనుంచి బస్సు వెళ్తుంటే లోపలి వేలంపాట రోడ్డు దాకా వినిపిస్తుంది. "ఒకటోసారి, రెండోసారి" అని ఎవరో గొంతు చించుకుంటూ ఉంటారు. కిటికీ పక్కన కూర్చున్న నేను ఆ మూడో మాట కోసం ఊపిరి బిగబట్టుకుంటాను. అది వినపడేలోపే బస్సు ముందుకు పోతుంది. ఆయన పోయి ఏడాది కావస్తున్నా నాకీ అలవాటు పోలేదు.

ఆయన ఆ మండీలో వేలం పాడేవాడు. భుజం మీది తువ్వాలు తీసి కర్రలా గట్టిగా చుట్టి, క్రేట్ల వరసల మధ్య నడుస్తూ, దాంతో సరుకు చూపిస్తూ, ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడో తెలియకుండా పాడేవాడు. మనిషి పొట్టి. గొంతు మాత్రం మామూలుగా మాట్లాడినా పక్కవీధికి వినపడేది. ఆ గొంతుతో రహస్యం చెప్పడమంటే అయ్యే పని కాదు. ఒకసారి బస్టాండులో నా చెవి దగ్గరికి వంగి "పాపా, ఎవురికీ సెప్పొద్దు" అన్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా ఏమిటా అని మావైపు తిరిగారు.

ఆయన ఇల్లు పుంగనూరులో మా వీధిలోనే. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ. నేను కుప్పంలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. సెలవులకు పుంగనూరు వస్తుంటాను. అలా వచ్చినప్పుడొకసారి ఆయన చేతిలో పాత సీడీల కట్టతో మా గడప ఎక్కాడు. మావైపు టమోటా తోటల్లో పాత సీడీలు దారాలకు కట్టి వేలాడదీస్తారు. ఎండకు అవి తళుక్కుమంటుంటే పిట్టలు కాయ జోలికి రావు. సంతలో వాటిని కుప్పలు పోసి అమ్ముతారు. ఆయన తెచ్చిన కట్టలో ఒకటి మాత్రం డబ్బాలో ఉంది. అట్ట మీద మంచు కప్పిన కొండ, ఇద్దరు మగవాళ్ళు ఒకరికొకరు వీపు తిప్పి నిలబడి ఉన్నారు.

"దీన్ని తోటలో కట్టబుద్ధి కాలా పాపా. ఏం రాసుండాదో రొంత సదివి సెప్పు," అన్నాడు.

అట్ట వెనక ఇంగ్లీషులో నాలుగు ముక్కలున్నాయి. యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న రెండు దేశాలవాళ్ళు, అది ముగిసిన కొన్నేళ్ళకు కలిసి తీసిన సినిమా అది. సగం మాటలు ఒక దేశం భాషలో, సగం ఇంకో దేశం భాషలో ఉంటాయట. పేరున్న చోట అట్ట చిరిగిపోయింది.

"కొట్లాడుకున్నోళ్ళే కలిసి తీసినారా?"

"అవును మామా."

"ముందు ఎవురు పిల్సినారని ఏమన్నా రాసుండాదా?"

లేదన్నాను. ఆయన అట్టను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఇదేం ప్రశ్న అని నేను లోపల నవ్వుకున్నాను కూడా.

నా పాత లాప్‌టాప్‌లో ఇద్దరం కూర్చుని చూశాం. నలుపు తెలుపు సినిమా. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా పడవు. భాష ఆయనకెంత తెలుసో నాకూ అంతే తెలుసు, అంటే బొత్తిగా తెలియదు. అయినా కథ అర్థమైంది. కొండమీద ఒక ఊరు. అన్నదమ్ములిద్దరు గొర్రెలు మేపుకుంటారు. యుద్ధం అయ్యాక అధికారులెవరో వచ్చి కొండ నడుమ సరిహద్దు గీస్తారు. అన్న ఇల్లు ఇటుపక్క, తమ్ముడి అత్తవారి ఊరు అటుపక్క. అన్నదమ్ముల మధ్య ఏదో మాట పట్టింపు వస్తుంది. అదేమిటో మాకు తెలియలేదు. తమ్ముడు గీత దాటి వెళ్ళిపోతాడు. ఒక చలికాలం అతని గొర్రెలు కనుమలో చిక్కుకుపోతే వాటికోసం మంచులో బయల్దేరతాడు. సంగతి తెలిసి అన్న అతన్ని వెతుక్కుంటూ వస్తాడు. చివరికి ఒక బండ పక్కన తమ్ముడు కూర్చుని కనపడతాడు, ఒళ్ళంతా మంచు. అన్న పక్కనే కూర్చుని అతని భుజాల మీది మంచు దులుపుతూ ఏదో చెప్తూ పోతాడు. ఎంతసేపటికీ తమ్ముడు పలకడు. అక్కడితో సినిమా అయిపోతుంది.

అదేం పిచ్చో, ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. నేను వచ్చానని తెలిస్తే చాలు, మండీ ముగించుకుని స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చేవాడు. కొన్నాళ్ళకు దాన్ని ఊరికి చూపించాలన్నాడు. "భాష తెలియని సినిమా ఎవరు చూస్తారు మామా?" అంటే, "నేను సెప్తా గదా," అన్నాడు.

చెప్పాడు కూడా. పుంగనూరులో షామియానాలు బాడుగకిచ్చే ఖాదర్ బాయి ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. బాయి షెడ్డులో మడిచిన గుడ్డల దొంతర్ల మధ్య తెల్లటి పెళ్ళిపందిరి గుడ్డ తెరగా కట్టేవాళ్ళం. షట్టరు దించేస్తే ఆదివారం మధ్యాహ్నం కూడా చీకటిగా ఉండేది. నేను ప్రొజెక్టరు పెట్టేదాన్ని. ఆయన తెర పక్కన నిలబడి, తువ్వాలు చుట్టి, తెరమీద ఎవరు నోరు తెరిస్తే వాళ్ళకు మన తెలుగు మాటలు పెట్టేవాడు. అన్నకు పెద్దోడని, తమ్ముడికి చిన్నోడని పేర్లు. ఆడవాళ్ళకు గొంతు సన్నం చేసేవాడు. సరిహద్దు అధికారికి మాత్రం మా తాసిల్దారు ఆఫీసు గుమాస్తా గొంతు పెట్టేవాడు, అందరూ గుర్తుపట్టి పకపకా నవ్వేవాళ్ళు. ఒక్కో ఘట్టం ముగియగానే వేలం కొట్టేసినట్టు "ఒగటోసారి, రెండోసారి, మూడోసారి" అని తువ్వాలు ఝాడించేవాడు. చివరి ఘట్టానికి మాత్రం "రెండోసారి" దగ్గర ఆగిపోయి, బాయిని షట్టరు ఎత్తమనేవాడు. ఎందుకలా అంటే నవ్వేసేవాడు.

జనం వచ్చేవాళ్ళు. సంతకొచ్చినవాళ్ళు, ఎండకు నీడ కోసం దూరినవాళ్ళు, పనిలేనివాళ్ళు. ఊరకుండరు కదా, ప్రశ్నలు వేసేవాళ్ళు. "అంత మంచు పడితే గొర్లు ఏం తింటాయప్పా?" అంటే, "ఇంటెనక గడ్డివామి ఏసుకోనుండారు, నీకు అగపడలా," అనేవాడు. ఆయన్ని ఎవరూ మాటల్లో పట్టలేకపోయేవాళ్ళు. ఒక్క ముసలామె తప్ప. ఆకుకూరలమ్మే ఆమె సినిమా అంతా నోరు మెదపకుండా చూసి, చివర్లో అడిగింది. "అంత నీళ్ళు కొండమింద గడ్డకట్టుకోని ఉండాయి గదా నాయనా. నీళ్ళకు కరువు లేని ఊర్లో అన్నాదమ్ములకు కొట్లాట యాల వచ్చినట్టు?"

షెడ్డంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, "అదే నాకూ తెలీలేదమ్మా," అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, చిన్నోడు పలుచటి బూట్లు వేసుకుని మంచులోకి బయల్దేరుతున్న చోట, వెనక షట్టరు దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది. "ఒరే, ఆ బూట్లేసుకోని యాడికిరా పోతాండావు? మంచు పడేది అగపడలా?"

ఆయన తువ్వాలు గాల్లోనే ఆగిపోయింది. తెరమీద చిన్నోడు నడుస్తూనే ఉన్నాడు. ఆయన చిన్నోడి గొంతుతో, ఎప్పుడూ లేనంత మెల్లగా, "గొర్లు ఆ పక్కన ఉండాయన్నా. పోకుంటే ఎట్ల?" అన్నాడు.

"పొయ్యేటోడివి కంబళన్నా కప్పుకో."

"కప్పుకుంటాలేన్నా."

జనం ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. బాయి నా పక్కకు జరిగి గుసగుసగా చెప్పాడు. "మేడమ్, ఆయన ఈయన సొంత అన్న. సదుం కాడ వాళ్ళ ఊర్లో ఉంటాడు. యా అల్లా, ఎన్నో ఏండ్లుగా ఇద్దరికీ మాటల్లేవు." సినిమా అయ్యి షట్టరు ఎత్తేసరికి ఆ పెద్దమనిషి కనపడలేదు.

మాటల్లేవు అంటే మావైపు చిన్న సంగతి కాదు. వాళ్ళింట్లో వీళ్ళు నీళ్ళు ముట్టరు. ఎదురుపడితే దారి మారతారు. పెళ్ళి పత్రిక మూడో మనిషి చేత పంపుతారు. ముందు పలకరించినవాడు తగ్గినట్టు లెక్క. వీళ్ళ గొడవ బావి దగ్గర వచ్చింది. తండ్రి తవ్వించిన బావి, రోజు విడిచి రోజు ఒకరి వంతు. ఒక ఎండాకాలం అన్న వంతు రోజున తమ్ముడి మోటరు తిరిగి నీళ్ళన్నీ తమ్ముడి మడిలోకి పోయాయి. దొంగవని అన్న అన్నాడు. ఆ మాట పడి ఉండలేక తమ్ముడు పొలం కౌలుకిచ్చి పుంగనూరు వచ్చి మదనపల్లె మండీలో చేరాడు. ఇప్పుడా బావి ఎండిపోయి ముళ్ళకంప పెరిగింది, ఎవరి బోరు వాళ్ళకుంది. అయినా మాటలు మాత్రం లేవు.

ఆ రోజు నుంచి వాళ్ళన్న ప్రతి ఆటకూ వచ్చాడు. ఎప్పుడూ షట్టరు పక్కనే, గోడకు వీపు ఆనించి గొంతుక్కూర్చునేవాడు. పైకి చూస్తే తెరమీది చిన్నోడితోనే మాట్లాడేవాడు. ఆరోగ్యం అడిగేవాడు. "చిన్నోడా, దగ్గుతాండావే, మందేమన్నా తాగితివా?" అనేవాడు. తెరమీద చిన్నోడు దగ్గనే దగ్గడు. దగ్గు ఈయనకు. "తాగినాలేన్నా, తగ్గిండాది," అని జవాబొచ్చేది. వాళ్ళిద్దరి మూలంగా సినిమా నానాటికీ పొడుగవుతూ వచ్చింది. ఒక్కోసారి నేను ఆపి పెట్టాల్సి వచ్చేది.

ఒకరోజు చిన్నోడు కనుమలో ఒంటరిగా నిలబడి కొండకేసి చూస్తుంటాడు. సినిమాలో అక్కడ మాటలే లేవు. ఆయన అక్కడ మాటలు పెట్టాడు. "అన్నా, ఆ పొద్దు నీ వంతులో మోటరు నేను ఎయ్యలా. స్టార్టరు స్విచ్చి ఆటోలో పెట్టి మర్సిపోతి. కరెంటు రాంగానే దాని పాటికి అది తిరిగింది. నీ మింద ఒట్టు."

ముందు వరసలో ఎవరో ఆగలేక అడిగేశారు. "ఆ మంచుకొండలో మోటరు యాడిదప్పా?"

"ఉండాది. మంచు కప్పేసిండాది, నీకు అగపడలా," అన్నాడు ఆయన.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూ వెనక్కి తిరిగి చూస్తే వాళ్ళన్న తల వంచుకుని నేలమీద వేలితో ఏదో గీస్తున్నాడు. మిగతా అన్నిటికీ జవాబు చెప్పే మనిషి దానికి మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి ఆటలోనూ ఆయన మోటరు మాట ఎత్తాడు. ప్రతిసారీ వాళ్ళన్న తల వంచుకుని నేల గీస్తూనే ఉన్నాడు.

నేను ఇంగ్లీషు పంతులమ్మను, ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మోటరుతో పేచీ పెట్టుకోలేదు కానీ చివరి ఘట్టం దగ్గర నాకు ఒళ్ళు మండేది. చిన్నోడు చనిపోయాడు. పసిపిల్లకైనా తెలుస్తుంది. ఈయనేమో "సలికి ఒళ్ళు బిగుసుకోనుండాది, అంతే. ఇంటికి తీస్కపోయి కంబళి కప్పితే లేస్తాడు" అని జనాన్ని పంపేసేవాడు. కుప్పంలో మా కాలేజీ పిల్లలకు వేసినప్పుడు ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, అతను చనిపోయాడు కదా?" అంది. "నువ్వు నాడి పట్టి సూసినావామ్మా?" అన్నాడు ఈయన. వెనకనుంచి, అంతదూరం పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారి వచ్చి కూర్చున్న వాళ్ళన్న కూడా, "సచ్చిపోలేదమ్మా, ఊరికే కూసోనుండాడు," అని వంత పాడాడు. పిల్లలు ఏమీ తోచక నావైపు చూశారు.

ఆట అయ్యాక వైర్లు చుడుతూ గట్టిగానే అడిగాను. "ఎందుకు మామా అబద్ధం? వాళ్ళు తీసింది అది కాదు కదా."

ఆయన వరండాలో నిలబడ్డ అన్న వీపు వైపు చూశాడు. "అన్న వింటా ఉండాడు పాపా. ఆయన రాకముందే తమ్ముడు పోయినాడని నా నోటితో ఎట్ల సెప్పేది?"

"మరి ఈ సినిమాలో పలకరింపులు ఎన్నాళ్ళు? అదిగో, అక్కడే ఉన్నాడు. పోయి అన్నా అని పిలవండి."

"పిలుస్తా. ఆయన మోటరుకు బదులు సెప్పనీ, పిలుస్తా." చెప్పి నవ్వాడు కానీ కళ్ళు నవ్వలేదు. "దొంగవన్నాడు గదా పాపా. ఆ మాట ఎనక్కి తీసుకునేది ఆయనే గదా."

ఆ సాయంత్రం పుంగనూరుకు ముగ్గురం ఒకే బస్సులో వచ్చాం. ఆయన డ్రైవరు వెనక సీట్లో, వాళ్ళన్న చివర్లో, నేను నడుమ. కండక్టరు వస్తే ఆయన తనకూ నాకూ టికెట్టు అడిగి, తల తిప్పకుండా బొటనవేలితో వెనక్కి చూపించి, "ఆయప్పకు గూడా," అన్నాడు. వి.కోటలో బస్సు ఆగినప్పుడు వాళ్ళన్న దిగి ఉడకబెట్టిన చెనక్కాయలు కొని, పొట్లం నా ఒళ్ళో పెట్టాడు. "ముందర కూసున్నాయనకు ఇయ్యమ్మా. ఉప్పు తక్కవేసిందే తెచ్చినా, దగ్గు ఉండాది గదా." నేను ఇచ్చాను. ఆయన ఒక్కో కాయా ఒలిచి నింపాదిగా తింటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పొట్టు కూడా పారేయకుండా జేబులో వేసుకున్నాడు. ఇద్దరిమీదా నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఇంకా టమోటా సీజను నడుస్తుండగానే, ఒక పొద్దున మండీలో పాడుతూ పాడుతూ ఆయన క్రేట్ల మీద ఒరిగిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. బాయి ఫోన్ చేసి "మేడమ్" అని ఒక్క మాట అని పెట్టేశాడు. నేను పుంగనూరు చేరేసరికి వాళ్ళన్న వచ్చి ఉన్నాడు. వీధిలోనే నిలబడ్డాడు. ఎవరు పిలిచినా గడప లోపలికి రాలేదు. మనిషిని బయటికి తెచ్చాక అందరితోపాటు నోట్లో బియ్యం గింజలు వేశాడు. వేసి వెనక్కి వెళ్ళి మళ్ళీ వీధిలోనే నిలబడ్డాడు. ఇప్పుడైనా ఒక్క మాట అనకూడదా అని అతన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది.

కర్మలన్నీ అయిపోయిన కొన్నాళ్ళకు బాయి మళ్ళీ ఫోన్ చేశాడు. వాళ్ళన్న షెడ్డుకు వచ్చి ఆ సినిమా ఒకసారి వేయమన్నాడట. ఆ ఆదివారం ప్రొజెక్టరు తీసుకుని వెళ్ళాను. పాతవాళ్ళు కొందరు వచ్చారు, ఆకుకూరల ముసలామె కూడా వచ్చింది. తెర పక్కన ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంది. సినిమా నడుస్తుంటే ఆ రెండు భాషలూ నేను మొదటిసారి వింటున్నట్టుంది, ఇన్నాళ్ళూ ఆయన గొంతు వాటిని ఎప్పుడు విననిచ్చింది కనుక.

చిన్నోడు బూట్లు వేసుకున్నాడు. వెనకనుంచి వచ్చింది ప్రశ్న. "ఒరే, ఆ బూట్లేసుకోని యాడికిరా పోతాండావు?"

తెరమీద చిన్నోడు తన భాషలో ఎవరికో ఏదో చెప్పి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

"యాడికిరా?" వాళ్ళన్న మళ్ళీ అడిగాడు. జవాబు నేను చెప్పాలేమో అనిపించింది. షెడ్డులో అందరూ తలలు దించుకున్నారు.

అప్పుడు వాళ్ళన్న లేచాడు. గుడ్డల దొంతర్ల మధ్య నుంచి మెల్లగా ముందుకు వచ్చి తెర పక్కన నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చుట్టాడు. తమ్ముడిలా గట్టిగా చుట్టడం చేతకాక అది జారిపోయింది, మళ్ళీ చుట్టాడు. కథ చెప్పలేదు. తెరను చూస్తూ నిలబడ్డాడు. చిన్నోడు కనుమలో ఒంటరిగా నిలబడే చోటు వచ్చి పోయింది. చివరికి బండ వచ్చింది, మంచు కప్పుకుని కూర్చున్న చిన్నోడు వచ్చాడు.

"ఈడు సచ్చిపోయినాడప్పా," అన్నాడు వాళ్ళన్న. గొంతు తమ్ముడంత పెద్దది కాదు, చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది. "కంబళి కప్పినా లేయడు. అన్న వచ్చేలోపలే పోయినాడు."

తెరమీద పెద్దోడు కూర్చుని తమ్ముడి భుజాల మీది మంచు దులపడం మొదలుపెట్టాడు. మాట్లాడసాగాడు.

"అన్న ఏమంటాండాడంటే," అని వాళ్ళన్న ఆగాడు. తువ్వాలు విడిపోయి కిందికి వేలాడింది. "మోటరు నువ్వు ఎయ్యలేదని నాకు తెలుసురా. ఆ పొద్దు సాయంత్రమే పోయి సూస్తి, స్టార్టరు ఆటోలోనే ఉండాది. దొంగా అని నలుగుర్లో అనేస్తిని, మళ్ళీ ఏ మొహం పెట్టుకోని వచ్చేది? నువ్వే పిలుస్తావులే అనుకుంటి. నువ్వు సినిమాలో పిలిస్తివి. నేను బయట పలకాల్సింది. పలకలేదురా చిన్నోడా."

వాళ్ళన్న మాటలు అయిపోయాయి. పెద్దోడు మాత్రం ఇంకా చెప్తూనే ఉన్నాడు, మంచు దులుపుతూనే ఉన్నాడు. బొమ్మ ఆగిపోయేదాకా వాళ్ళన్న అలాగే నిలబడి చూశాడు. ఆ తర్వాత తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"ఒగటోసారి," అన్నాడు. "రెండోసారి."

ఎప్పటిలాగే బాయి షట్టరు ఎత్తడానికి లేచాడు. వాళ్ళన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. తెర తెల్లగా వెలుగుతూ ఉంది. నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను.

"మూడోసారి," అన్నాడు. అని అక్కడే నేలమీద కూర్చుండిపోయి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు.